మామగారి బండి వెనక దాక్కున్న తుప్పు: ఆటోనగర్‌లో 11 రోజులు

2025 సంక్రాంతికి నిజాంపట్నం వెళ్లి తిరిగి వస్తున్నాం. కనకదుర్గ వారధి ఎక్కాక బండి వెనక నుంచి ఒక చప్పుడు మొదలైంది. వంతెన మీద స్లాబుకీ స్లాబుకీ మధ్య అతుకులు ఉంటాయి కదా, ముందు చక్రాలు వాటి మీదుగా వెళ్తే ‘డబ్’ అని ఒకటే శబ్దం. వెనక చక్రాలు దాటినప్పుడు మాత్రం ‘డబ్’ తర్వాత ఇంకొకటి, ‘టక్’ అని, పొడిగా. వెనక సీట్లో ఎడమవైపు మా అత్తగారు కూర్చున్నారు. "బాబూ, నా కాళ్ల కింద ఎవరో సుత్తితో కొడుతున్నట్టుంది" అన్నారు. వారధి దాటేదాకా అతుకు వచ్చినప్పుడల్లా అదే టక్.

అప్పుడు నేను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. అరిసెల డబ్బాలు, బియ్యం బస్తా, ఐదుగురు మనుషులు. లోడు ఎక్కువై షాకబ్జర్లు పోయి ఉంటాయి అనుకున్నాను. ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో తెలిసిన రోజు రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు. పదేళ్లు దాటిన ఎస్‌యూవీ ఉన్నవాళ్లు, అందులోనూ సముద్రం పక్కనో రొయ్యల చెరువుల దగ్గరో తిరిగిన బండి ఉన్నవాళ్లు ఇది ఓపిగ్గా చదవాలని నా కోరిక.

ఈ బండి మా మామగారిది. 2010 మార్చిలో కొన్నారు. డీజిల్ ఎస్‌యూవీ, కింద లారీకి ఉన్నట్టే విడిగా చాసిస్, అంటే గొట్టాల ఇనుప చట్రం ఉంటుంది, దాని మీద బాడీ. వెనకవైపు కమాన్ కట్టలు (పట్టీలు పేర్చిన స్ప్రింగులు) ఉండవు, కాయిల్ స్ప్రింగులు ఉంటాయి. ఆయనకు నిజాంపట్నం దగ్గర వనామీ రొయ్యల చెరువులు ఉండేవి. ఈ బండిలోనే మేత బస్తాలు, సున్నం, బ్లీచింగ్ పౌడర్ డబ్బాలు, తడి వలలు అన్నీ గట్ల మీదుగా తీసుకెళ్లేవారు. గట్టు మీద ఉప్పునీటి బురద, చెరువు నీళ్లను చిలికే ఏరేటర్లు తిరుగుతుంటే గాల్లో తుంపర, పక్కనే సముద్రం. 2019లో ఆయన పోయాక బండి మా దగ్గరికి, విజయవాడ సింగ్‌నగర్‌కి వచ్చింది. పైన చూస్తే పెయింటు మీద గీత లేదు. ఆయన బండిని అంత పదిలంగా చూసుకున్నారు. ప్రతి సర్వీసుకీ అడుగున తుప్పు పట్టకుండా నల్లటి కోటింగ్ కూడా కొట్టించేవారు. ఆ బిల్లులన్నీ డాష్‌బోర్డు అరలో ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఉంచారు. అవి చూసి నేను అడుగు భాగం గురించి నిశ్చింతగా ఉన్నాను.

తర్వాత 2024 సెప్టెంబరులో బుడమేరు వరద. మా వీధి కొంచెం మెరక కాబట్టి బండి కప్పు దాకా మునగలేదు, చక్రాల సగం పైదాకా నీళ్లు వచ్చాయి. రోజుల తరబడి అలాగే నిలిచాయి. నీళ్లు తీశాక మెకానిక్‌ని పిలిచి ఇంజన్ ఆయిల్ చూపించాం, బ్రేకులు విప్పి కడిగించాం. వెనక క్రౌన్‌లో (వెనక చక్రాలను తిప్పే గేర్ల డబ్బాలో) ఆయిల్ తీస్తే పాలు పోసిన టీ రంగులో వచ్చింది. నీళ్లు కలిస్తే అలాగే అవుతుందట. అది మార్పించి, కార్పెట్లు ఎండబెట్టి, బండి బాగుపడిందనుకున్నాం. చాసిస్ గొట్టాల లోపలికి బురద వెళ్లి ఉంటుందని నాకు తట్టలేదు. ఎవరూ చెప్పలేదు కూడా.

సంక్రాంతి తర్వాత చప్పుడు రోజూ వినిపించడం మొదలైంది. స్పీడ్‌బ్రేకర్ దిగేటప్పుడు, గేరు వేసి కదిలేటప్పుడు, సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కి ఆగేటప్పుడు. దగ్గర్లో ఒక వర్క్‌షాపులో చూపిస్తే షాకబ్జర్లు లీకు అన్నారు, రెండూ మార్చారు, 6,900 రూపాయలు అయ్యింది. పాతవి నిజంగానే నీరసించి ఉన్నాయి కాబట్టి ఆ డబ్బు వృథా అనను. కానీ చప్పుడు తగ్గలేదు. నాలుగో రోజు ఇంటి ముందు బండి ఆపి దూరం నుంచి చూస్తే వెనక ఎడమవైపు కుంగి కనిపించింది. టేపు తెచ్చి చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాకా కొలిచాను. కుడివైపు 52 సెంటీమీటర్లు, ఎడమవైపు 49 కంటే తక్కువ.

టైరు లోపలి అంచు అరుగుతోందని చక్రాల అలైన్‌మెంట్‌కి తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు చెప్పిన మాటే ఈ కథలో మొదటి మలుపు. "సార్, మీ బండికి వెనక ఒకటే గట్టి హౌసింగ్, రెండు చక్రాలనూ కలిపే ఇరుసు గొట్టం. దీనికి వెనకవైపు అలైన్‌మెంట్ చేయడానికి తిప్పే బోల్టులేమీ ఉండవు. కానీ స్క్రీన్ మీద చూడండి, హౌసింగే అడ్డంగా తిరిగి ఉంది. ఎక్కడో ఏదో జరిగింది. నేను ముందు చక్రాలు సరిచేసి డబ్బులు తీసుకోవచ్చు, కానీ ఉపయోగం ఉండదు" అన్నాడు. డబ్బులు తీసుకోకుండా పంపాడు. ఆ కుర్రాడికి ఈ రోజుకీ నా మనసులో దండం పెట్టుకుంటాను.

తిరిగి వస్తూ గమనించాను. యాక్సిలరేటర్ తొక్కితే బండి కొద్దిగా ఎడమకు లాగుతోంది, బ్రేకు తొక్కితే కుడికి. తిన్నగా వెళ్తున్నప్పుడు స్టీరింగ్ వంకరగా ఉంటోంది. ఇవి రెండు నెలలుగా ఉన్నాయేమో. రోజూ కొంచెం కొంచెంగా మారేది మన చేతులకు అలవాటైపోతుంది.

మా బావమరిదికి ఫోన్ చేస్తే ఆటోనగర్‌లో మామగారికి తెలిసిన ఒక మేస్త్రి గురించి చెప్పాడు. ఆటోనగర్ తెలియనివాళ్లకు చెప్పాలంటే, లారీ బాడీలు కట్టే షెడ్లు, కమాన్ కట్టల షాపులు, లేత్‌లు, రేడియేటర్ పనివాళ్లు, పాత సామాను కొట్లు అన్నీ ఒక్కచోట ఉండే ఊరిలాంటి ఊరు. ఒక షెడ్డులో బోల్టు విరిగితే పక్క సందులో లేత్ మీద తిప్పించుకుని అరగంటలో తెచ్చుకుంటారు. మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. ముప్ఫై ఏళ్లు లారీ చాసిస్‌ల మీదే పనిచేశారట.

ఆయన ముందు బండి నడపలేదు. నన్ను నడపమని, తను వెనక సీట్లో ఎడమవైపు, సరిగ్గా మా అత్తగారు కూర్చున్నచోటే కూర్చున్నారు. పాదం నేలకు ఆనించి, "కదిలించు బాబూ... ఆపు... మళ్లీ కదిలించు" అన్నారు. మూడోసారికి "చాలు, గొయ్యి మీదకు ఎక్కించు" అన్నారు.

గోతిలోకి నన్ను కూడా దిగమన్నారు. బల్బు వెలుగులో అడుగంతా నల్లగా, కొత్తదానిలా నున్నగా కనిపించింది. నాకు ధైర్యం వచ్చింది. ఆయన చిన్న సుత్తి తీసుకుని ముందు చక్రాల దగ్గర నుంచి చాసిస్ మీద జానెడుకొకసారి కొట్టుకుంటూ వచ్చారు. ఖంగ్, ఖంగ్, ఖంగ్. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం చూడండి, అలాగ. వెనక ఎడమ చక్రానికి కాస్త ముందు, కింది లింక్ రాడ్ చాసిస్‌కి బిగించి ఉండే బ్రాకెట్ దగ్గరికి వచ్చేసరికి శబ్దం మారిపోయింది. ‘డప్’. తడి చెక్క మీద కొట్టినట్టు. ఇంకోసారి కొట్టారు, డప్. అప్పుడు స్క్రూడ్రైవర్ తీసి నున్నగా ఉన్న ఆ నల్లటి కోటింగ్ మీద ఆనించి అరచేత్తో నెట్టారు. అది లోపలికి వెళ్లిపోయింది. పిడి దాకా.

ఆ నిమిషం నాకు కలిగిన భయం మాటల్లో చెప్పలేను. పదిహేను రోజుల ముందు ఆ బండిలో మా అత్తగారు, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు ఉన్నారు. హైవే మీద 90 స్పీడులో వచ్చాం.

వెనక సస్పెన్షన్ ఎలా పనిచేస్తుందో అప్పటిదాకా నాకు సరిగ్గా తెలియదు. బండి బరువును స్ప్రింగులు మోస్తాయి. కానీ వెనక హౌసింగ్ ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టుకునేవి లింక్ రాడ్లు, కింద రెండు, పైన రెండు. పక్కకు జరగకుండా అడ్డంగా ఇంకో రాడ్డు. యాక్సిలరేటర్ తొక్కినా బ్రేకు తొక్కినా ఆ తోపంతా ఈ రాడ్ల గుండా చాసిస్ మీది బ్రాకెట్లకే వెళ్తుంది. మాకు కింద ఎడమ బ్రాకెట్ చుట్టూ చాసిస్ ఇనుము తుప్పుపట్టి, మూడువైపులా చిరిగి, ఒక్కవైపే వేలాడుతోంది. తొక్కినప్పుడల్లా ఆ బ్రాకెట్ కదులుతోంది, దానితోపాటు హౌసింగ్ ఎడమ చివర ముందుకూ వెనక్కూ జరుగుతోంది. బండి లాగడం, స్టీరింగ్ వంకర, టైరు అరగడం, ఆ టక్ చప్పుడు, అన్నిటికీ అదే కారణం.

ఎడమవైపు కుంగడానికి కారణం వేరే. హౌసింగ్ మీద స్ప్రింగ్ కూర్చునే గిన్నెలాంటి భాగం ఉంటుంది. అందులో బురద గట్టిగా పేరుకుపోయి ఉంది. మేస్త్రి దాన్ని గీకి తీస్తుంటే స్ప్రింగు చివరి చుట్టు ముక్క ఒకటి, బెత్తెడు పొడవు, ఆయన చేతిలో పడింది. ఎప్పుడో విరిగి అక్కడే ఉంది. రాయి తగిలి స్ప్రింగు మీద పెయింటు లేస్తుంది, అక్కడ తుప్పు చిన్న గుంట పెడుతుంది, రోజూ వంగి లేచే ఇనుము ఆ గుంట దగ్గరే పగులుతుంది. బురద ఆ గిన్నెను ఎప్పుడూ చెమ్మగా ఉంచింది.

"వరద వల్లేనా?" అని అడిగాను.

"నాలుగు నెలల్లో ఇంత పని జరగదు బాబూ. ఇది చెరువుల తుప్పు, పదేళ్లది. వరద నీళ్లు దాన్ని నానబెట్టాయి అంతే" అన్నారు.

చాసిస్ గొట్టం అడుగున నీళ్లు కారిపోవడానికి బెజ్జాలు ఉంటాయి. మాకు అవన్నీ కోటింగ్‌తోనూ బురదతోనూ మూసుకుపోయాయి. ఆయన ఒకటి పొడిచి తెరిస్తే ముందు సన్నటి ఒండ్రు రాలింది, దాని వెనక గట్టి బూడిదరంగు మట్టి. ఆ మట్టిలో గవ్వల్లాంటి చిన్న చిన్న గుల్లలు. మామగారి చెరువు గట్టు మీది మట్టి అది. ఆయన పోయిన ఐదేళ్లకు కూడా బండి దాన్ని లోపల మోస్తూనే ఉంది. ఆ రోజు రెండు గుల్లలు తీసి జేబులో వేసుకున్నాను.

కోటింగ్ గురించి నాకున్న నమ్మకం కూడా అక్కడే పోయింది. అడుగును శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరబెట్టి, తుప్పు గీకి కొడితే అది మంచిదే. అలా చేయకుండా, ఉప్పు బురద పూర్తిగా పోకముందే, చెమ్మ మీదే కొడితే అది లోపలి తడిని బయటకు రానివ్వదు. ఎక్కడో సన్నటి పగులు వస్తుంది, అక్కడి నుంచి నీళ్లు లోపలికి వెళ్తాయి, తిరిగి ఆరవు. ఉప్పు ఉన్న నీళ్లయితే తుప్పు ఇంకా వేగంగా తింటుంది. పైగా తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి పొరలు పొరలుగా ఉబ్బుతుంది. మేస్త్రి ఆ నల్ల పొర ఒకటి ఊడదీస్తే దానికి అంటుకుని ఇనుము అప్పడం ముక్కల్లా రాలింది. మామగారు డబ్బు ఖర్చుపెట్టి చేయించిన పనే ఆ తుప్పును కప్పిపెట్టింది. ఆయన తప్పేమీ లేదు. ఎవరు కొట్టారో వాళ్లు ముందు కడిగి ఆరబెట్టాల్సింది.

ఇంటికొచ్చి చెప్పాక పెద్ద చర్చ. మా బావమరిది, "బావా, ఆ బ్రాకెట్ మీద ఒక ప్లేటు అతికించి, నల్లరంగు కొట్టి అమ్మేద్దాం. ఇంజన్ బాగుంది కాబట్టి మంచి రేటే వస్తుంది" అన్నాడు. వాడి ఆందోళన నాకు అర్థమైంది, మా మీద ప్రేమతోనే అన్నాడు. కానీ కొన్నవాడి పిల్లలు ఆ వెనక సీట్లో కూర్చుంటారు. ఆ మాట అంటే వాడు కూడా కాసేపు మాట్లాడలేదు. మా ఆవిడ ఒక్కటే అడిగింది: "ఏవండీ, సరిగ్గా చేస్తే గట్టిగా ఉంటుందా? ఉంటే చేయించండి. ఉండదంటే తుక్కుకి ఇచ్చేద్దాం, నేను ఏడవను." ఆ ప్రశ్నే మేస్త్రిని అడిగాను.

ఆయన వెంటనే జవాబివ్వలేదు. మరుసటి రోజంతా కోటింగ్ గీకించి, చాసిస్ మొత్తం సుత్తితో కొట్టి చూశారు. కుడివైపు బ్రాకెట్ దగ్గర పైపొర తుప్పే, లోపల గట్టిగా ఉంది. ఎడమవైపు చెడిపోయింది అడుగున్నర పొడవు. మందం కొలిచే వెర్నియర్‌తో చూస్తే మంచిచోట 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుము అక్కడ ఒక మిల్లీమీటరు కూడా లేదు. "రెండువైపులా ఇలాగే ఉంటే నేను ముట్టుకునేవాణ్ని కాదు. ఒకవైపు గట్టిగా ఉంది కాబట్టి కొలతలు దొరుకుతాయి. చేద్దాం" అన్నారు. పాత చాసిస్ ఒకటి కొని మొత్తం మార్చడం గురించి అడిగితే వద్దన్నారు. చాసిస్ మారితే దాని మీది నంబరు మారుతుంది, ఆర్‌సీ కాగితాలతో పెద్ద పని. మాకు నంబరు ముందు కుడివైపు కొట్టి ఉంది, మేం కోసే చోటుకు దూరం.

టెన్షన్ ఇంకోటి కూడా ఉంది. మార్చికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు పూర్తవుతుంది. సొంత బండికి 15 ఏళ్ల తర్వాత తనిఖీ చేయించి ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకోవాలి. గడువుకు 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు పెట్టవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి కారుకు ఆ ఫీజు 5,000 రూపాయలు, ఆలస్యమైతే నెలకు 500 అదనం. ఫిబ్రవరి మొదటి వారంలో పని మొదలుపెట్టాం.

ఆ 11 రోజుల్లో సగం ఆఫీసుకు సెలవు పెట్టి అక్కడే ఉన్నాను. అసలు పని కంటే విప్పడానికే ఎక్కువ కాలం పట్టింది. లింక్ రాడ్ బోల్టు, దాని చుట్టూ బుష్‌లో (రాడ్ చివర కుదుపు తట్టుకునే రబ్బరు భాగంలో) ఉండే ఇనుప గొట్టం తుప్పుతో ఒకటైపోయాయి. పానా వేసి తిప్పితే బోల్టు తిరగదు, బుష్ రబ్బరు మెలితిరుగుతుంది. రాత్రంతా తుప్పు వదిలించే ఆయిల్లో నానబెట్టారు, గ్యాస్‌తో వేడిచేశారు, పెద్ద సుత్తితో కొట్టారు. చివరికి రెండు బోల్టులు గ్రైండర్‌తో కోయాల్సి వచ్చింది. బుష్‌ల రబ్బరు ఉబ్బి మెత్తబడి ఉంది. వాటర్ సర్వీసింగ్‌లో కడిగాక అడుగున డీజిల్ స్ప్రే చేస్తారు కదా, అది రబ్బరును ఇలా చేస్తుందని మేస్త్రి చూపించారు. ఆ స్ప్రే నేను కూడా చాలాసార్లు అడిగి మరీ కొట్టించాను. ఇక ఎప్పుడూ కొట్టించను.

హౌసింగ్ మీదుగా వెళ్లే బ్రేకు పైపు కూడా క్లిప్పు కింద తుప్పుపట్టి ఉంది. వేలితో తుడిస్తే ఆయిల్ చెమ్మ. ఇంకొన్ని వారాలు ఆగితే అది బ్రేకు తొక్కినప్పుడు పగిలేది. సస్పెన్షన్ కోసం విప్పకపోతే ఇది ఎవరికీ కనిపించేది కాదు.

కోసే ముందు మేస్త్రి ఒక పూట మొత్తం కొలతలకే పెట్టారు. బండిని సమంగా స్టాండ్ల మీద నిలబెట్టి, కుడి బ్రాకెట్ బెజ్జం నుంచి ముందు ఉన్న అడ్డపట్టీకి ఎంత, నేలకు ఎంత, ఐమూలగా ఎంత, అన్నీ సుద్దముక్కతో గోడ మీద రాశారు. రెండు బ్రాకెట్ల బెజ్జాల గుండా ఒకే తిన్నటి కడ్డీ దూర్చి, యాంగిల్ ముక్కలతో తాత్కాలికంగా బిగించారు. "కొత్త బ్రాకెట్ అర సెంటీమీటరు తప్పినా బండి జన్మంతా అడ్డంగా నడుస్తుంది" అన్నారు.

వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ తీసేశారు, కంప్యూటర్ కనెక్టర్లు ఊడదీశారు, డీజిల్ ట్యాంకు దించి షెడ్డు బయట పెట్టించారు. పక్కన ఇసుక బకెట్లు. తుప్పు ఇనుమును మెరిసే ఇనుము కనిపించేదాకా కోసుకుంటూ వెళ్లారు. నేను అనుకున్నదానికంటే నాలుగు అంగుళాలు ఎక్కువ పోయింది. మెరుపు రాని ఇనుముకు వెల్డింగ్ పట్టదు, పట్టినట్టు కనిపించి ఊడుతుంది.

ప్లేటు మందం దగ్గర నేను తొందరపడి, "5 ఎంఎం వేయండి మేస్త్రిగారూ, గట్టిగా ఉంటుంది" అన్నాను. ఆయన నవ్వి వద్దన్నారు. చాసిస్ వంగాలి, అది వంగుతూనే బరువు మోస్తుంది. ఒకచోట మరీ మందంగా బిగిస్తే అక్కడ వంగదు, దాని అంచు పక్కన ఉన్న పలచటి ఇనుము మీద భారమంతా పడి అక్కడ పగులుతుంది. అందుకే 3 ఎంఎం ప్లేటే వేశారు. దాని చివరలు కూడా నిలువుగా కోయకుండా చేప మూతిలా కోసుగా తీర్చారు. నిలువుగా ఒకే గీతలో వెల్డింగ్ వస్తే చాసిస్ ఆ గీత వెంబడే చీలుతుందట. లారీల మీద పనిచేసిన మనిషి కాబట్టి ఈ సంగతి ఆయనకు చేతుల్లోనే ఉంది. సీఓ2 వెల్డింగ్ చేసిన కుర్రాడు రెండంగుళాలు వేయడం, ఆగడం, అవతలివైపు రెండంగుళాలు వేయడం. ఒకేసారి వేస్తే వేడికి ఇనుము మెలితిరుగుతుంది. మధ్యమధ్య కడ్డీ దూర్చి కొలత చూసుకున్నారు.

తర్వాత రెండువైపులా కొత్త స్ప్రింగులు, కొత్త కింది లింక్ రాడ్లు, అన్ని బుష్‌లు. విరిగింది ఒక స్ప్రింగే అయినా జతగా మార్చాలి, పాతదీ కొత్తదీ ఒకే ఎత్తులో కూర్చోవు. ఒక చిన్న విషయం చాలామంది వదిలేస్తారని మేస్త్రి పట్టుబట్టి నాకు చూపించారు. లింక్ రాడ్ బోల్టులు బండి గాల్లో ఉన్నప్పుడు పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆని, బండి తన బరువుకు తను కూర్చున్నాకే బిగించాలి. లేకపోతే బుష్ రబ్బరు మెలితిరిగిన స్థితిలో బిగుసుకుని త్వరగా చిరిగిపోతుంది. గోతిలో దిగి, బండి చక్రాల మీద ఉండగా, ఒక్కొక్క బోల్టూ బిగించారు.

వెల్డింగ్ చేసిన చోట లోపలి పెయింటు కాలిపోతుంది. బయట ఎంత రంగు వేసినా తుప్పు లోపల నుంచే వస్తుంది. కాబట్టి బయట జింక్ ప్రైమర్, రంగు వేశాక, సన్నటి పొడవాటి గొట్టంతో నీళ్లు కారే బెజ్జాల్లో నుంచి చాసిస్ లోపలంతా మైనంలాంటి వ్యాక్స్ కొట్టించాం. ఇది నేనే పట్టుబట్టి వెతికి తెచ్చాను. బెజ్జాలు మాత్రం తెరిచే ఉంచాం.

మొత్తం 47,800 అయ్యింది. స్ప్రింగులు 7,200, లింక్ రాడ్లు 8,400, మిగతా బుష్‌లు 2,600, ప్లేట్లు బ్రాకెట్లు వెల్డింగ్ కలిపి 15,000, బ్రేకు పైపులు 1,900, రంగు వ్యాక్స్ 3,700, విప్పి బిగించిన కూలి 9,000. పదిహేనేళ్ల బండికి ఇంతా అని అడిగినవాళ్లు ఉన్నారు. బండి మిగతా అంతా బాగుంది కాబట్టి నా లెక్కలో సరిపోయింది. రెండో బ్రాకెట్ కూడా పోయి ఉంటే నేనే తుక్కుకి ఇచ్చేసేవాణ్ని, మామగారి బండి అయినా సరే.

అలైన్‌మెంట్‌కి మళ్లీ ఆ కుర్రాడి దగ్గరికే వెళ్లాను. స్క్రీన్ చూసి, "హౌసింగ్ తిన్నగా వచ్చింది సార్! ఎవరు చేశారు?" అని అడిగి మేస్త్రి ఫోన్ నంబరు రాసుకున్నాడు. ఈసారి డబ్బులు తీసుకున్నాడు. అక్కడి నుంచి వారధి మీదుగా కాజ టోల్‌గేట్ దాకా వెళ్లి వెనక్కి వచ్చాను, అద్దాలు దించి, పాటలు ఆపి. అతుకు మీద అతుకు. డబ్. డబ్. రెండో చప్పుడు లేదు. మార్చిలో తనిఖీకి తీసుకెళ్లాం, ఆర్‌సీ 2030 దాకా వచ్చింది.

ఇప్పుడు నా దగ్గర కూడా ఒక చిన్న సుత్తి ఉంది. వానాకాలం అయ్యాక అక్టోబరులో అడుగు భాగం మంచినీళ్లతో కడిగించి, రెండు రోజులు ఆరనిచ్చి, బెజ్జాల్లో తీగ తిప్పి, కింద పడుకుని జానెడుకొకటి కొట్టుకుంటూ వెళ్లాను. కొత్త ప్లేటు ఖంగుమంది. కుడివైపు బ్రాకెట్ వెనక మాత్రం, రెండో బెజ్జం దగ్గర, శబ్దం కాస్త మందంగా వినిపించింది. డప్ అని కాదు గానీ ఖంగ్ కూడా కాదు. అక్కడ సుద్దముక్కతో గీత పెట్టాను. శనివారం బండిని మళ్లీ మేస్త్రి గోతి మీదకు ఎక్కిస్తున్నాను. అప్పటిదాకా పిల్లల్ని స్కూలుకి స్కూటర్ మీదే దింపుతున్నాను.